ఫార్మాట్ కొట్టినా పోనిది

సూరత్‌లో బమ్రోలి, పాండేసర, ఉధనా వైపు మరమగ్గాల షెడ్ల చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో కంప్యూటర్ ఉంటే అది ఇంటిల్లిపాదిదీ. పగలు పెద్దోడు ఎంబ్రాయిడరీ డిజైన్లు చేస్తాడు, సాయంత్రం చిన్నది బడి ప్రాజెక్టు ముందేసుకుంటుంది, రాత్రయితే అందరూ కలిసి తెలుగు సినిమా. ఆధార్, పాన్ స్కాన్లు అందులోనే, కరెంటు బిల్లు కట్టేదీ అందులోనే. అలాంటి కంప్యూటర్‌లో స్పైవేర్ దొరికితే ఎక్కడో కూర్చున్న హ్యాకర్ మనమీద కన్నేశాడనుకుంటాం. కానీ చాలాసార్లు దాన్ని తెలియక ఇన్‌స్టాల్ చేసింది ఇంట్లోవాళ్లే. ఆ సంగతి ఒప్పుకోనంతకాలం దాని చుట్టూ అపోహలు పెరుగుతూనే ఉంటాయి. సూరత్ తెలుగువాళ్లలో ఎక్కువమంది తెలంగాణ నేత కుటుంబాలవాళ్లు కాబట్టి, ఆ అపోహలను వాళ్ల యాసలోనే వినండి.

“మా పీసీల ఏమున్నదని ఎత్కపోతరు?”

ఎత్తుకుపోయేవాడికి మీరెవరో తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. ఈ కాలపు స్పైవేర్‌లో పెద్ద భాగం సమాచార దొంగలు. రెడ్‌లైన్, లుమ్మా లాంటి పేర్లతో వీటిని నెలవారీ అద్దెకు కూడా ఇస్తారు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, కుకీలు, డెస్క్‌టాప్ మీది ఫైళ్లు మూటగట్టి పంపేస్తాయి. ఆ మూటలు టోకున అమ్ముడుపోతాయి. 2025లో మార్చి మధ్య నుంచి మే మధ్య వరకు, రెండు నెలల్లోనే ప్రపంచవ్యాప్తంగా 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో లుమ్మాను గుర్తించామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అన్నిచోట్లా కోటీశ్వరులే ఉన్నారా? మీ జీమెయిల్ చేతికొస్తే చాలు, “పాస్‌వర్డ్ మర్చిపోయాను” అని నొక్కుతూ మిగతా ఖాతాలన్నిటిలోకీ పోవచ్చు. జీఎస్టీ లాగిన్, బడి ఫీజు కట్టే ఖాతా, ఏదైనా సరే.

ఓటీపీ ఉంది కదా అన్న ధీమా సగమే నిజం. ఒకసారి లాగిన్ అయ్యాక బ్రౌజర్‌లో మిగిలే కుకీ, ఇంటర్వెల్‌లో బయటకు వెళ్లేవాళ్ల చేతి మీద సినిమా హాలువాళ్లు వేసే ముద్ర లాంటిది. ముద్ర ఉన్నవాణ్ని గేటు దగ్గర మళ్లీ టికెట్ అడగరు. దొంగకు ఆ కుకీ దొరికితే ఓటీపీ అవసరమే రాకపోవచ్చు.

“ఫార్మాట్ కొట్టిస్తే అంత సాఫ్”

అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. ఫార్మాట్ కొడితే మీ డిస్క్ ఖాళీ అవుతుంది, నిజమే. కానీ నిన్న వెళ్లిపోయిన పాస్‌వర్డ్ ఇవాళ కొత్త విండోస్ వేసినంత మాత్రాన వెనక్కి రాదు. కొన్ని సమాచార దొంగలైతే పని కాగానే తమను తామే చెరిపేసుకుంటాయి. ఆ తర్వాత స్కాన్ చేస్తే కంప్యూటర్ శుభ్రంగానే కనిపిస్తుంది, ఖాతాలు మాత్రం పరాయివాడి చేతిలో ఉంటాయి.

పైగా దుకాణంలో ఫార్మాట్ అంటే తరచూ ఏం చేస్తారు? పెన్‌డ్రైవ్‌లో ఉన్న పైరేటెడ్ విండోస్ వేసి, దాన్ని యాక్టివేట్ చేయడానికి ఓ చిన్న సాఫ్ట్‌వేర్ నడిపిస్తారు. ఆ యాక్టివేటర్లలో కేఎంఎస్‌పికో బాగా పేరు మోసింది. దాని పేరు పెట్టుకున్న నకిలీ ఇన్‌స్టాలర్లు క్రిప్ట్‌బాట్ అనే సమాచార దొంగను మోసుకొస్తున్నాయని 2021 డిసెంబరులో భద్రతా నిపుణులు బయటపెట్టారు. అంటే రోగం పోగొట్టుకోవడానికి డబ్బులిచ్చి రోగాన్నే తెచ్చుకునే ప్రమాదం ఉంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. కొత్త విండోస్‌లో క్రోమ్ తెరిచి పాత జీమెయిల్‌తో సింక్ పెట్టగానే, పాత చెడ్డ ఎక్స్‌టెన్షన్ కూడా దానంతటదే తిరిగి వచ్చి కూర్చోవచ్చు. “మొన్ననే ఫార్మాట్ చేయించినం, మళ్ల గదే” అనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది అక్కడే.

కాబట్టి వరస మార్చండి. ముందు కంప్యూటర్‌కు నెట్ ఆపేయండి. తర్వాత శుభ్రంగా ఉందని నమ్మకమున్న ఇంకో ఫోన్ నుంచి జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయండి. దొంగ చేతిలోని కుకీని పనికిరాకుండా చేసేది ఈ సైన్ అవుటే. బ్యాంకు, మిగతా ఖాతాలు ఆ తర్వాత. ఇవన్నీ అదే కంప్యూటర్ నుంచి మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగకే అందుతుంది.

అప్పుడు యంత్రం సంగతి. విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్లకు వెళ్తే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంటుంది. అది కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ లేవకముందే వెతుకుతుంది కనుక దాక్కునేవి కూడా దొరికే అవకాశం ఎక్కువ. అయ్యాక నెట్ పెట్టి, ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల జాబితాను తేదీల వారీగా చూడండి. గొడవ మొదలైన రోజుల్లో చేరిన, ఎవరూ వేయని ప్రోగ్రామేదో అక్కడ కనబడవచ్చు. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లలో అక్కర్లేనివన్నీ తీసేయండి. రెండో అభిప్రాయం కావాలంటే మాల్‌వేర్‌బైట్స్ ఉచిత రూపంతో ఒకసారి స్కాన్ చేస్తే సరిపోతుంది. ఇంతా చేసినా అనుమానం తీరకపోతే ఫార్మాట్ మంచి పనే. కాకపోతే మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్ నుంచి నేరుగా, ఇంకో శుభ్రమైన కంప్యూటర్‌లో తయారుచేసుకున్న పెన్‌డ్రైవ్‌తోనే చేయాలి.

“సినిమా సూసుడుతోని వైరస్ ఎట్లొస్తది?”

సినిమాతో రావడం అరుదు. దాని చుట్టూ ఉన్నవాటితో వస్తుంది. ఊరు వదిలి దూరాన ఉన్నవాళ్లకు కొత్త తెలుగు సినిమా మీద ఉండే ఆకలి పైరసీ సైట్లకు బాగా తెలుసు. అసలు ప్లే బటన్ ఒకటుంటే నకిలీవి నాలుగు, పక్కనే “ప్లేయర్ అప్‌డేట్ చేయండి” అనే పిలుపు. 2025 నవంబరులో ఐబొమ్మ అనే పైరసీ సైటు నడుపుతున్నాడంటూ హైదరాబాద్ పోలీసులు ఒకణ్ని అరెస్టు చేసినప్పుడు, సుమారు 50 లక్షల మంది వినియోగదారుల సమాచారం అతడి దగ్గర ఉందని పోలీసు కమిషనర్ సజ్జనార్ చెప్పారు. అక్కడి నుంచి జనాన్ని బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లిస్తున్నారని కూడా అన్నారు. ఉచితమన్న సినిమాకు టికెట్ డబ్బులు ఎటునుంచి వస్తున్నాయో అప్పుడు చాలామందికి తెలిసింది.

“స్క్రీన్ మీదనే రాసొచ్చింది, అయిదు వైరస్‌లున్నయని”

అది మీ కంప్యూటర్ చెప్పిన మాట కాకపోవచ్చు. ఏదో సైటు “నోటిఫికేషన్లు పంపమంటారా” అని అడిగితే ఎవరో అలవాటుగా “అలౌ” నొక్కి ఉంటారు. ఇక ఆ సైటు మూసేసినా కుడివైపు కింద మూలన ఎర్ర హెచ్చరికలు పుట్టుకొస్తూనే ఉంటాయి. క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి, తెలియని పేర్లన్నీ తీసేస్తే అవి ఆగిపోతాయి. ఆ హెచ్చరికలో ఉన్న నంబరుకు మాత్రం ఫోన్ చేయకండి. అవతలివాడు ఎనీడెస్క్ లాంటి రిమోట్ యాప్ వేసుకోమంటాడు. అది చట్టబద్ధమైన సాఫ్ట్‌వేరే, అందుకే యాంటీవైరస్ నోరెత్తకపోవచ్చు. ఈ యాప్‌తో ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ సొమ్మును మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ.

“క్రాక్ ఏసేటప్పుడు యాంటీవైరస్ బంద్ వెట్టాలె, అది ఊకెనే ఒర్లుతది”

ఒక్కోసారి ఊరికే అరుస్తుంది కూడా, కాదనను. క్రాక్ అన్న ప్రతిదాన్నీ అనుమానించడం దాని పని. కానీ ఏది ఉత్త అరుపో, ఏది నిజమో కాపలాను పంపించేశాక చెప్పేదెవరు? క్రాక్ తయారుచేసినవాడికి అంతకన్నా కావాల్సింది లేదు. బమ్రోలి వైపు డిజైన్ పనివాళ్లకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ భారమే, క్రాక్ వైపు చూసేది అందుకే. అయితే ఇంక్‌స్కేప్ ఉచితం, దానికి ఇంక్‌స్టిచ్ జోడిస్తే ఎంబ్రాయిడరీ మెషీన్ ఫైళ్లు కూడా తయారవుతాయి. పెద్ద యూనిట్ పనికి చాలకపోవచ్చు, నేర్చుకునేవాళ్లకు మాత్రం బాగానే సరిపోతుంది.

క్రాక్ జోలికి పోకపోయినా పెన్‌డ్రైవ్‌తో రావచ్చు. జిరాక్స్ షాపుకెళ్లొచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి కనిపిస్తే ఫైళ్లు పోయాయని ఏడవక్కర్లేదు, చాలావరకు అవి కనబడకుండా దాగి ఉంటాయి, అంతే. ఆ షార్ట్‌కట్‌ను నొక్కడమే ప్రమాదం. పెన్‌డ్రైవ్‌ల కోసం యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే ఉచిత సాధనాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లోని సీడాక్. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లో ఇలాంటివి, బాట్లను తొలగించే ఉచిత సాధనాలు ఉంటాయి.

ఇంకొన్ని చిన్న అపోహలు. డెస్క్‌టాప్ మీద కుడి క్లిక్ చేసి పదిసార్లు రిఫ్రెష్ కొడితే ఏమీ శుభ్రపడదు, టెంప్ ఫోల్డర్ ఖాళీ చేసినా స్పైవేర్ పోదు. రెండు యాంటీవైరస్‌లు వేస్తే రెండింతల రక్షణ రాదు, ఒకదానికొకటి అడ్డంపడతాయి. ఇన్‌కాగ్నిటో మీ హిస్టరీని ఇంట్లోవాళ్ల నుంచి దాస్తుంది గానీ స్పైవేర్ నుంచి కాదు.

“అప్‌డేట్ చేస్తే స్లో అయితది”

స్లో సంగతి అటుంచి, చేయకపోతే ఏమవుతుందో చూడండి. 2017 మేలో వానాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు, తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్ని దాని బారినపడ్డాయి. అది స్పైవేర్ కాదు, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజేది. కానీ అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంట్లో ఇంకా అదే ఉంటే, అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబరు వరకు గడువు దొరుకుతుంది.

ఇక చివరగా, ఇంటి కంప్యూటర్‌కు ఒక అరగంట పని. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఒక్కటే ఉంచి, దాని పాస్‌వర్డ్ ఇంట్లో ఒక్కరి దగ్గరే పెట్టి, పిల్లలకూ పెద్దలకూ మామూలు ఖాతాలు చేయండి. కంప్యూటర్ మొత్తానికీ వర్తించే మార్పులు చేయబోయే సాఫ్ట్‌వేర్ ఏది వచ్చినా అప్పుడు ఆ పాస్‌వర్డ్ అడుగుతుంది. దాన్ని కొట్టే ముందు “ఇదేంది, ఎక్కడిది?” అని అడిగే మనిషి ఒకరుంటారు. ఆ మనిషి కూడా రోజువారీ పనికి మామూలు ఖాతానే వాడాలి.