శోధన ప్రకటనల ద్వారా డిజిటల్ వస్తువుల మారుబేరం

శోధన ప్రకటనల ద్వారా డిజిటల్ వస్తువుల మారుబేరం అనునది అంతర్జాలంలో జరిగే ఒక విధమైన దళారీ వ్యాపారం. ఇతరులు తయారుచేసిన ఈ-పుస్తకాలు, సాఫ్టువేర్లు, వీడియో పాఠాలు మొదలైనవాటికి గూగుల్ వంటి సెర్చ్ ఇంజన్లలో సొంత ఖర్చుతో ప్రకటనలు వేసి, కొనుగోలుదారులను రప్పించి, అమ్మకం జరిగినప్పుడు కమీషన్ పొందడం ఇందులోని పని. ఈ వ్యాపారికి దుకాణం గాని గిడ్డంగి గాని అవసరం లేదు. సరుకు పంపే బాధ్యత, డబ్బు వసూలు చేసే బాధ్యత ఇతరులవే. ప్రకటన ఖర్చుకూ కమీషనుకూ మధ్య మిగిలే తేడాయే ఇతని లాభం. ఆ తేడా సాధారణంగా చాలా పలచనిది. అంతేగాక, దానిని నిర్ణయించే రెండు అంశాలలో ఏదీ వ్యాపారి చేతిలో ఉండదు: ప్రకటన ధరను సెర్చ్ ఇంజన్‌లోని వేలంపాట, కమీషనును విక్రేత నిర్ణయిస్తారు.

రెండు పద్ధతులు

ఈ వ్యాపారం రెండు విధాలుగా జరుగుతుంది. మొదటి పద్ధతిలో వ్యాపారి విక్రేతకు అనుబంధంగా పనిచేస్తాడు. దీనినే అఫిలియేట్ మార్కెటింగ్ అంటారు. ప్రతి వ్యాపారికీ ఒక ప్రత్యేకమైన లింకు ఇవ్వబడుతుంది. ఆ లింకు ద్వారా వచ్చినవారి కంప్యూటరులో కుకీ అనే చిన్న గుర్తు నిలువ చేయబడుతుంది. కుకీ గడువు లోపల అతడు వస్తువును కొన్నచో కమీషన్ ఆ వ్యాపారి ఖాతాలో పడుతుంది. రెండవ పద్ధతిలో వ్యాపారి పునర్విక్రయ హక్కులను ఒకేసారి కొని, ఆ వస్తువును తన సొంత వెబ్‌సైటులో తనకు నచ్చిన ధరకు అమ్ముకుంటాడు. డిజిటల్ వస్తువుకు నకలు తీయడానికి ఖర్చు ఉండదు కనుక అవే హక్కులు వందలమంది కొనవచ్చును. అప్పుడు అందరూ ఒకే పుస్తకాన్ని ఒకరికంటే ఒకరు తక్కువ ధరకు అమ్మజూస్తారు. ఆ కారణం చేత పెయిడ్ ప్రకటనలతో నడిచే వ్యాపారంలో మొదటి పద్ధతికే ప్రాధాన్యం ఎక్కువ. ఈ వ్యాసంలోని మిగతా భాగమంతా దానిని గురించినదే.

చరిత్ర

కమీషన్ మీద ఇతరుల సరుకు అమ్మించే ఏర్పాటును విస్తృతంగా వ్యాప్తిలోకి తెచ్చినది అమెజాన్. ఆ సంస్థ 1996 జూలైలో అసోసియేట్స్ అనే పథకాన్ని ప్రారంభించినది. అయితే పుస్తకాల వంటి భౌతిక వస్తువులపై కమీషన్ స్వల్పం. 1998లో ప్రారంభమైన క్లిక్‌బ్యాంక్ అనే అమెరికా సంస్థ మొదట్లో డిజిటల్ వస్తువులకే పరిమితమైనది. అక్కడ విక్రేతలు తమ రాబడిలో 75 శాతం వరకు దళారులకు ఇవ్వగలిగారు. అచ్చు ఖర్చు, కాగితం ఖర్చు, రవాణా ఖర్చు లేకపోవడమే ఇంతటి ఉదారతకు కారణం. కుక్కలకు శిక్షణ, గిటారు పాఠాలు, బరువు తగ్గడం వంటి విషయాలపై వ్రాసిన ఈ-పుస్తకాలు ఇక్కడి సరుకులో ముఖ్యమైనవి.

ఇదే కాలంలో మరొకచోట ప్రకటనల రంగం మారుతున్నది. 1998లో బిల్ గ్రాస్ అనే వ్యాపారవేత్త స్థాపించిన గోటూ.కామ్, శోధన ఫలితాలలో స్థానాన్ని వేలంపాట ద్వారా అమ్మడం మొదలుపెట్టినది. ఎవరైనా ప్రకటనపై క్లిక్కు చేసినప్పుడే ప్రకటనదారు డబ్బు చెల్లించాలి. ఈ సంస్థ 2001లో ఓవర్చర్‌గా పేరు మార్చుకొన్నది, 2003లో యాహూ దీనిని కొనుగోలు చేసినది. గూగుల్ 2000 అక్టోబరులో సుమారు 350 మంది ప్రకటనదారులతో యాడ్‌వర్డ్స్‌ను ప్రారంభించినది గాని, తొలుత ప్రదర్శనల సంఖ్యను బట్టి రుసుము వసూలు చేసేది. 2002 ఫిబ్రవరిలో క్లిక్కుకు ఇంత అనే వేలంపాట పద్ధతికి మారినది. తన పేటెంటును ఉల్లంఘించారని ఓవర్చర్ అదే సంవత్సరం గూగుల్‌పై దావా వేయగా, 2004లో గూగుల్ 27 లక్షల షేర్లను యాహూకు ఇచ్చి రాజీ కుదుర్చుకొన్నది. యాడ్‌వర్డ్స్ 2018 జూలైలో గూగుల్ యాడ్స్‌గా మారినది.

డిజిటల్ వస్తువుపై పెద్ద కమీషన్, కొన్ని సెంట్లకే దొరికే క్లిక్కు, ఈ రెండూ 2002 తరువాత ఒకచోట కలిశాయి. వెబ్‌సైటు కూడా లేని వ్యక్తి, క్రెడిట్ కార్డు ఉంటే చాలు, ఉదయం ప్రకటన వేసి సాయంత్రానికి కమీషన్ చూడగలిగే పరిస్థితి ఏర్పడినది. ఈ వ్యాపారానికి వచ్చిన పేరంతా ప్రధానంగా ఆ రెండు మూడు సంవత్సరాలదే.

లాభనష్టాల లెక్క

ఈ వ్యాపారాన్ని అర్థం చేసుకొనుటకు ఒక ఉదాహరణ ఉపయోగపడుతుంది. ఒక ఈ-పుస్తకం ధర 40 డాలర్లు అనుకొందాం. క్లిక్‌బ్యాంక్ చాలాకాలం పాటు వసూలు చేసిన రుసుము అమ్మకపు ధరలో 7.5 శాతం, దానిపై మరొక డాలరు. అనగా 4 డాలర్లు పోగా 36 డాలర్లు మిగులును. అందులో 75 శాతం కమీషన్ అయినచో దళారికి 27 డాలర్లు వస్తాయి. ప్రకటనను క్లిక్కు చేసి వచ్చిన ప్రతి వందమందిలో ఒకరు కొంటారనుకొంటే, వంద క్లిక్కులకు రాబడి 27 డాలర్లు, ఒక్కో క్లిక్కుకు 27 సెంట్లు. క్లిక్కు 20 సెంట్లకు దొరికినచో వందకు 7 డాలర్లు లాభం.

ఇంతవరకు లెక్క ఆకర్షణీయంగానే కనిపిస్తుంది. కాని కొనుగోలుదారుకు నిర్ణీత గడువులో వస్తువును తిరస్కరించి డబ్బు వాపసు తీసుకొనే హక్కు ఉంటుంది. డబ్బు వాపసు పోయినప్పుడు కమీషన్ కూడా వెనక్కు పోతుంది. పదిమందిలో ఒకరు వాపసు తీసుకొంటే సగటు రాబడి 24.30 డాలర్లకు, లాభం 4.30 డాలర్లకు తగ్గుతుంది. ఇంతలో పోటీదారుల వలన క్లిక్కు ధర 20 నుండి 25 సెంట్లకు పెరిగితే లాభం పోయి 70 సెంట్ల నష్టం వస్తుంది. ఐదు సెంట్ల మార్పు వ్యాపారాన్ని తలక్రిందులు చేయగలదు. ప్రకటన ఖర్చు వెంటనే కార్డు నుండి పోతుంది గాని, కమీషన్ కొన్ని రోజులు లేదా వారాల తరువాత వస్తుంది. కాబట్టి లాభంలో ఉన్నవాడు కూడా పెట్టుబడి చాలక ఆగిపోవచ్చును.

కొత్తవారు తరచుగా పొరబడే విషయం మరొకటి కలదు. నూటికి ఒకరు కొంటారన్నది సగటు మాత్రమే, హామీ కాదు. సంభావ్యతా సూత్రం ప్రకారం, అటువంటి వస్తువుకు వరుసగా వంద క్లిక్కులు వచ్చినా ఒక్క అమ్మకమూ జరగకపోయే అవకాశం సుమారు 37 శాతం. మూడు వందల క్లిక్కుల తరువాత కూడా ఆ అవకాశం 5 శాతం వరకు ఉంటుంది. కనుక ఒక వస్తువు అమ్ముడవుతుందో లేదో తేల్చుకొనుటకే, పై ధర ప్రకారం, 60 డాలర్ల వరకు ఖర్చు కావచ్చును. పది వస్తువులను పరీక్షించి ఒకటి నిలిస్తే, మిగిలిన తొమ్మిదింటి ఖర్చును ఆ ఒక్కటే తీర్చవలసి ఉంటుంది. విజయగాథలలో ఆ తొమ్మిదింటి ప్రసక్తి సాధారణంగా కనిపించదు.

కీలకపదాలు, వేలంపాట

ప్రకటనదారు కొన్ని కీలకపదాలను ఎంచుకొని, వాటిని ఎవరైనా వెదికినప్పుడు తన ప్రకటన కనిపించుటకు ఎంత వరకు ఇవ్వగలడో పాడతాడు. పదం ఎంపికలోనే నేర్పు ఉన్నది. "కుక్క" అని వెదికేవాడు బొమ్మ కోసం వెదుకుతున్నాడో, పశువైద్యుని కోసం వెదుకుతున్నాడో తెలియదు. "కుక్క మొరగడం మాన్పించడం ఎలా" అని వెదికేవాడికి పొరుగువారితో తగవు వచ్చి ఉండవచ్చు, పుస్తకం కొనే అవకాశమూ ఎక్కువ. ఇటువంటి పొడవైన పదబంధాలను వెదికేవారు తక్కువ, పోటీ కూడా తక్కువ, ధర చౌక. తొలి దళారులు వీటిని వందల సంఖ్యలో పోగుచేసేవారు. "ఉచితం" వంటి పదాలు ఉన్న శోధనలను నిషేధ పదాలుగా చేర్చి, కొనే ఉద్దేశం లేనివారి క్లిక్కులను తప్పించుకొనేవారు.

గూగుల్ వేలంపాటలో ఎక్కువ పాడినవాడే గెలుస్తాడని చెప్పలేము. 2002 నాటి పద్ధతిలో పాడిన ధరను, ప్రకటనపై క్లిక్కులు వచ్చే రేటుతో గుణించి స్థానాన్ని నిర్ణయించేవారు. ఉదాహరణకు ఒకరు 40 సెంట్లు పాడారు, వారి ప్రకటన వందసార్లు కనిపిస్తే ఒక క్లిక్కు వస్తుంది. మరొకరు 20 సెంట్లే పాడారు, కాని మూడు క్లిక్కులు వస్తాయి. గూగుల్‌కు మొదటివారి వలన 40 సెంట్లు, రెండవవారి వలన 60 సెంట్లు వచ్చే అవకాశం ఉన్నది కనుక రెండవవారికే పైస్థానం. వారు చెల్లించేది కూడా పాడిన 20 సెంట్లు కాదు. క్రిందివారిని మించుటకు అవసరమైనంత, అనగా సుమారు 14 సెంట్లు మాత్రమే. 25 అక్షరాల శీర్షికను, 35 అక్షరాల చొప్పున రెండు పంక్తులను బాగా వ్రాయగలిగినవాడికి తక్కువ ధరకు ఎక్కువమంది వచ్చేవారు.

అయితే ఈ నేర్పు ఎక్కువకాలం సొంతంగా ఉండదు. ప్రకటన బహిరంగంగా కనిపించేదే కావడం వలన పోటీదారు దానిని చూసి అనుకరించవచ్చును. అదే పుస్తకాన్ని, అదే కమీషనుకు, అవే పదాలపై ఇంకొకరు అమ్మజూసినప్పుడు ఇద్దరికీ క్లిక్కుకు 27 సెంట్ల రాబడే ఉంటుంది. ఒకరు 20 పాడితే మరొకరు 22 పాడతారు. పాట 27కు చేరువయ్యేదాకా ఆగుటకు కారణం లేదు. పెరిగిన సొమ్మంతా చేరేది సెర్చ్ ఇంజన్‌కే. ధాన్యం వేలంలో సమానమైన ఆదాయం గల ఇద్దరు వర్తకులు పోటీపడితే లాభం అమ్మేవానికి పోయినట్లే ఇక్కడా జరుగుతుంది.

నియమాలలో మార్పులు

మొదట్లో ఒకే విక్రేత పుస్తకానికి పదిమంది దళారులు వేసిన ప్రకటనలు ఒకే పేజీలో వరుసగా కనిపించేవి. వెదికేవారికి ఇది విసుగు కలిగించేది. 2005 జనవరిలో గూగుల్, ఒక శోధనకు ఒక వెబ్ చిరునామా తరఫున ఒక్క ప్రకటననే చూపుతామని నియమం పెట్టినది. విక్రేత పేజీకి నేరుగా ప్రకటన వేసే దళారులలో ఒక్కరు తప్ప మిగిలినవారు దీనితో కనుమరుగయ్యారు. చాలామంది సొంత వెబ్‌సైటు పెట్టుకొని, నాలుగు మాటల సమీక్ష వ్రాసి, అక్కడినుండి విక్రేత వద్దకు పంపసాగారు.

అదే సంవత్సరం నాణ్యతా స్కోరు ప్రవేశపెట్టబడినది. 2006లో ప్రకటన చేర్చే పేజీ నాణ్యతను కూడా ధర నిర్ణయంలో గట్టిగా లెక్కలోకి తీసుకొన్నారు. ఒక లింకు తప్ప మరేమీ లేని పేజీలకు కనీస ధర ఒక్కసారిగా పెరగడంతో, రాత్రికి రాత్రే అనేక ప్రకటనలు నిలిచిపోయాయి. అమెరికా దళారులు దీనిని "గూగుల్ చెంపదెబ్బ" అని పిలిచేవారు. సొంతంగా ఏమీ చెప్పకుండా మరొక సైటుకు దారి మాత్రమే చూపే పేజీలను నేటి గూగుల్ నియమాలు కూడా అనుమతించవు. 2020 సెప్టెంబరు నుండి, తక్కువగా వెదకబడే పదాల వివరాలను ప్రకటనదారులకు ఇవ్వడం గూగుల్ తగ్గించినది. చౌక పదబంధాలపై ఆధారపడేవారికి ఇది పెద్ద లోటు. 2022 జూన్ తరువాత, ప్రకటనదారు ఇచ్చిన పలు శీర్షికలను, పంక్తులను యంత్రమే కలిపి చూపే ప్రకటనలు శోధనలో ప్రధాన రూపమైనాయి.

ఇతరుల వ్యాపార నామాలను కీలకపదాలుగా వాడటం మరొక వివాదం. 2010లో లూయీ విటాన్ కేసులో ఐరోపా న్యాయస్థానం, ఆ పదాలను అమ్మినందుకు గూగుల్‌ను ట్రేడ్‌మార్కు ఉల్లంఘనకు బాధ్యురాలిగా పరిగణించలేదు. అయితే వినియోగదారుని తికమక పెట్టే ప్రకటన వేసినవారు బాధ్యులు కావచ్చునన్నది. 2023 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు కూడా, కీలకపదంగా వాడినంత మాత్రాన ఉల్లంఘన కాదని, తికమకకు తావుంటే అవుతుందని తీర్పు చెప్పినది. ఈ పదాలపై ప్రకటన వేసి వచ్చే అమ్మకాలు ఎలాగూ జరిగేవే అన్న అనుమానం విక్రేతలకు ఉంటుంది. ఈబే సంస్థలో 2012లో చేసిన ప్రయోగాల ఆధారంగా 2015లో ప్రచురితమైన ఒక ఆర్థికశాస్త్ర పరిశోధన, తన పేరుపై వేసే ప్రకటనలను ఆపివేసినా రాకపోకలు దాదాపు తగ్గలేదని చూపినది. తమ పేరుపై ప్రకటనలు వేయరాదని అనేక విక్రేతలు దళారుల ఒప్పందాలలో షరతు పెట్టేది ఇందుకే.

మోసాలు

కమీషన్ అమ్మకంపైనే ఆధారపడి ఉన్నందున, అతిశయోక్తి చెప్పాలన్న ప్రలోభం ఈ వ్యాపారంలో సహజంగా ఉన్నది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009 డిసెంబరు నుండి, వస్తువును సిఫారసు చేసేవారు విక్రేతతో తమకు గల ఆర్థిక సంబంధాన్ని వెల్లడించాలని మార్గదర్శకాలను సవరించినది. 2011 ఏప్రిల్‌లో, వార్తాపత్రికల వలె కనిపించే నకిలీ పేజీలతో బరువు తగ్గించే అకాయ్ పండ్ల ఉత్పత్తులను అమ్మించిన పది దళారీ సంస్థలపై చర్య తీసుకొన్నది.

దీనికంటే విచిత్రమైనది, ఈ వ్యాపారాన్నే సరుకుగా చేసి అమ్మడం. "గూగుల్‌తో ఇంటినుండి సంపాదించండి" అను పుస్తకాలు, పాఠాలు ఎన్నో వెలువడ్డాయి. 2009లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ "గూగుల్ మనీ ట్రీ" అను పేరుతో నడిచిన సంస్థపై దావా వేసినది. ఆరు నెలలలో లక్ష డాలర్లు సంపాదించవచ్చునని ఆశ చూపి, 3.88 డాలర్లకు కిట్టు ఇస్తామని కార్డు వివరాలు తీసుకొని, ఆపై నెలకు 72.21 డాలర్ల చొప్పున వసూలు చేశారన్నది ఆరోపణ. ఆ సంస్థకు గూగుల్‌తో ఏ సంబంధమూ లేదు. క్లిక్కుల వేలంలో పోటీపడుటకంటే, పోటీపడదలచినవారికి పుస్తకం అమ్ముట తేలికని ఇటువంటి సంస్థలు గ్రహించినట్లున్నవి.

భారతదేశంలో

హైదరాబాదులో గూగుల్ 2004లో తెరిచిన కార్యాలయంలో ఆన్‌లైన్ ప్రకటనల విభాగం ఉండేది. 2018లో గూగుల్ తన ప్రకటన సేవలలో తెలుగుకు స్థానం కల్పించినది. పోటీ పరీక్షల పాఠాలు, ఆంగ్ల సంభాషణ, షేర్ మార్కెట్ శిక్షణ వంటి డిజిటల్ కోర్సులు తెలుగులోనూ అమ్ముడవుతున్నాయి. వీటికి దళారీ పథకాలు కూడా ఉన్నవి. పైన చెప్పిన లెక్కకు ఇక్కడ మరొక అంశం తోడవుతుంది. ప్రకటన బిల్లుపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. జీఎస్టీ నమోదు లేని చిన్న వ్యాపారికి అది తిరిగి రాదు కనుక, 10 రూపాయల క్లిక్కు 11 రూపాయల 80 పైసలు పడుతుంది. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం, వస్తువును సిఫారసు చేసేవారు అమ్మకందారుతో తమకున్న సంబంధాన్ని ప్రకటనలో తెలియజేయాలి.