కంప్యూటర్‌లో సౌండ్ రావడం లేదా? షాపుకు పోయే ముందు ఇవి చూడండి

ఇంటి నుంచే ఉద్యోగం చేయాలనుకునే వారి వివరాలను సచివాలయ సిబ్బంది 2025లో 'కౌశలం' సర్వేలో నమోదు చేశారు. అలాంటి ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ జరిగేటప్పుడు అవతలి వాళ్ల మాట వినబడకపోతే, చేతిదాకా వచ్చిన అవకాశం జారిపోతుంది. చాలాసార్లు తప్పు చిన్నదే. సీపీయూ మోసుకుని కుప్పం నుంచి చిత్తూరుకో, సత్యవేడు నుంచి తిరుపతికో పోనక్కర్లేదు. మీ కంప్యూటర్‌లో విండోస్ 10 గానీ 11 గానీ ఉంటే ఈ వరుసలోనే చూసుకోండి.

1. స్పీకర్ బాగుందా? స్విచ్, లైటు, వాల్యూమ్ చూడండి. అదే హెడ్‌ఫోన్‌ను వేరే ఫోన్‌కు గానీ కంప్యూటర్‌కు గానీ పెట్టండి. అక్కడ పలికితే తప్పు మీ కంప్యూటర్‌లో ఉన్నట్టు. అక్కడా పలకకపోతే హెడ్‌ఫోనే పోయింది.

2. పిన్ ఎక్కడ పెట్టారు? మామూలుగా ఆకుపచ్చ రంధ్రం స్పీకర్‌కు, గులాబీ రంధ్రం మైక్‌కు. ముందు వైపు పలకకపోతే సీపీయూ వెనక వైపు పెట్టి చూడండి. ముందు రంధ్రానికి లోపల వైరు కలపకుండా వదిలేసి ఉండొచ్చు.

3. మ్యూట్‌లో ఉందా? స్క్రీన్ కింద కుడి మూల స్పీకర్ గుర్తు మీద నొక్కండి. ఒక్క వెబ్‌సైట్‌లోనే సౌండ్ రాకపోతే, బ్రౌజర్‌లో ఆ ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి మ్యూట్ తీసేయండి.

4. సౌండ్ ఎటు పోతోంది? మానిటర్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపితే సౌండ్ మానిటర్ వైపు మళ్లిపోవచ్చు. సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లోకి వెళ్లి 'అవుట్‌పుట్' దగ్గర మీ స్పీకర్‌ను ఎంచుకోండి.

5. మీ మాట అవతలికి పోవడం లేదా? సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ' కింద 'మైక్రోఫోన్' ఆన్ చేయండి. మీటింగ్ యాప్‌లోనూ సరైన మైక్ ఎంచుకోండి.

6. ఇంకా రాలేదా? ఒకసారి రీస్టార్ట్ చేయండి. తర్వాత డివైస్ మేనేజర్‌లో 'సౌండ్' వరుస తెరిచి, మీ ఆడియో పేరు మీద రైట్ క్లిక్ చేసి 'అన్‌ఇన్‌స్టాల్ డివైస్' నొక్కండి. డ్రైవర్‌ను తొలగించాలా అని అడిగే గడిలో టిక్ పెట్టకండి. మళ్లీ రీస్టార్ట్ చేస్తే విండోస్ దాన్ని తిరిగి అమర్చుకుంటుంది.

చూపు లేని వారికి సౌండే స్క్రీన్. స్క్రీన్ చదివే ఎన్‌వీడీఏ ఆగిపోతే కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కండి. అది లేకపోతే విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే విండోస్‌లోనే ఉన్న నెరేటర్ మాట్లాడుతుంది. రెండూ పలకకపోతే పైన చెప్పిన వైర్లు, స్విచ్‌లు పక్కవారితో చూపించుకోండి.

జాగ్రత్త: "మీ కంప్యూటర్ బాగుచేస్తాం, ఈ యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇంటర్వ్యూ రోజు అరగంట ముందే సౌండ్, మైక్ పరీక్షించుకోండి. ఛార్జింగ్ ఉన్న ఫోన్, ఇయర్‌ఫోన్ పక్కనే పెట్టుకోండి. కంప్యూటర్ మొరాయించినా ఇంటర్వ్యూ ఆగదు.