చిలకలగూడ పంతులమ్మ

సికింద్రాబాద్ స్టేషన్‌లో ఒకటో నంబరు ప్లాట్‌ఫామ్ వైపు బయటికొస్తే ఆల్ఫా హోటల్, సిటీ బస్సులు, లాడ్జీలు. పదో నంబరు వైపు దిగినవాళ్లకు తగిలేది వేరే ఊరు. బోయిగూడ, ఆలుగడ్డబావి, మెట్టుగూడ, వాటి నడుమ చిలకలగూడ. రైల్వే క్వార్టర్లు, ఇరుకు గల్లీలు, కట్టమైసమ్మ గుడి. బోనాల రోజుల్లో ఇక్కడ ఆటో దొరకడం కూడా అమ్మవారి దయే.

1874లో రైలు వచ్చాక ఆ రైలునే నమ్ముకుని బతికిన బస్తీలివి. నిజాం రైల్వేలో పనిచేసిన బలరామస్వామి అనే దళితుడి ఇంట 1918 డిసెంబరు 1న పుట్టింది ఈశ్వరీబాయి. ఎస్పీజీ మిషన్ స్కూల్లో, కీస్ హైస్కూల్లో చదివింది. పుణెకు చెందిన దంతవైద్యుడు జెట్టి లక్ష్మీనారాయణతో పెళ్లయింది. భర్త దూరమయ్యాక కూతురు గీతతో పుట్టింటి గడ్డకే తిరిగొచ్చింది. పరోపకారిణి పాఠశాలలో పంతులమ్మగా చేరింది. తర్వాత చిలకలగూడలో కూతురి పేరు మీద సొంతంగా బడి పెట్టింది. చదువుకు నోచుకోని ఆడవాళ్లకు కుట్టుపని, చేతిపనులు నేర్పింది.

1942లో నాగపూర్‌లో అంబేద్కర్ ఆధ్వర్యంలో అణగారిన వర్గాల మహాసభ జరిగితే ఆమె వెళ్లింది. తన దారేదో అక్కడే తేల్చుకున్నట్టుంది, ఆ తర్వాత జీవితమంతా అంబేద్కర్ బాటలోనే నడిచింది.

1950ల మొదట్లో కార్పొరేషన్ ఎన్నికలొచ్చాయి. అప్పటికింకా సికింద్రాబాద్‌కు వేరే కార్పొరేషన్ ఉండేది, హైదరాబాద్‌లో కలిసింది 1960లో. చిలకలగూడ వార్డు నుంచి ఈశ్వరీబాయి ఇండిపెండెంటుగా నిలబడింది. వెనక పార్టీ లేదు, డబ్బు లేదు, కులబలం అసలే లేదు. అయినా గెలిచింది. పలక పట్టుకుని తన బడికొచ్చే పిల్లల ఇళ్లే ఆమె వార్డు మరి! కౌన్సిలర్ పనంటే ఏముంది, నల్లా, మోరీ, వీధి దీపం. ఈమె వాటితో ఆగకుండా గుడిసెలవాళ్లకు ఇళ్ల జాగా కావాలని పట్టుబట్టింది. మన నాయకుల జీవితచరిత్రల్లో కౌన్సిలర్ పదవికి ఒక వాక్యం దక్కితే గొప్ప. ఈమె విషయంలో అసలు కథంతా అక్కడే ఉందని నా నమ్మకం.

1967లో అంబేద్కర్‌వాదుల రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిగా నిజామాబాద్ జిల్లా ఎల్లారెడ్డిలో పోటీ చేసి, కాంగ్రెస్ నాయకురాలు టి.ఎన్. సదాలక్ష్మిని ఓడించింది. సదాలక్ష్మిదీ సికింద్రాబాదే, అప్పటికే మాజీ మంత్రి. ఇద్దరు దళిత మహిళలు ఎక్కడో ఎల్లారెడ్డిలో తలపడ్డారు. రెండేళ్లు తిరక్కుండానే 1969 తెలంగాణ ఉద్యమంలో ఇద్దరూ ఒకే వైపు నిలిచారు.

అసెంబ్లీలో ఆమె పేరు మోగిపోయింది మాత్రం కంచికచెర్ల ఘటనతో. 1968లో కృష్ణా జిల్లా కంచికచెర్లలో దొంగతనం మోపి కోటేశు అనే దళిత యువకుణ్ని సజీవంగా తగలబెట్టారు. సభలో ఒక మంత్రి ఆ ఘోరాన్ని తేలిక చేస్తూ మాట్లాడేసరికి ఈశ్వరీబాయి చెప్పు చూపించిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. సభా మర్యాద మాట ఎత్తేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉంటారు. మనిషిని కాల్చడం కన్నా చెప్పు తీయడం పెద్ద తప్పెలా అయిందో వాళ్లే చెప్పాలి.

1969 ఉద్యమంలో ఈశ్వరీబాయి జైలుకెళ్లింది. 1971లో ఉద్యమ నాయకుడు చెన్నారెడ్డి తన పార్టీ తెలంగాణ ప్రజాసమితిని కాంగ్రెస్‌లో కలిపేస్తే ఈమె మాత్రం పోలేదు. మరుసటి ఏడాది రాష్ట్రమంతటా కాంగ్రెస్ గాలి వీచినా ఎల్లారెడ్డి మళ్లీ ఈమెనే గెలిపించింది. ఆ తర్వాత గెలుపు దక్కలేదు. డాక్టరైన కూతురు గీతారెడ్డి 1989లో గజ్వేల్ నుంచి శాసనసభకు వెళ్లడం కళ్లారా చూసి, 1991 ఫిబ్రవరి 24న కన్నుమూసింది.

ఈశ్వరీబాయి విగ్రహం ఇప్పుడు వెస్ట్ మారేడ్‌పల్లిలో ఉంది. ఏటా డిసెంబరు 1న దండలు పడతాయి. పెట్టినవాళ్లను తప్పుపట్టను గానీ, మొదట ఓటేసింది చిలకలగూడ. ఆ చౌరస్తాలో నాలుగడుగుల జాగా దొరక్కపోదు.