బిడ్డలకు సహకారము నేర్పుట

సహకార సంఘమునకు మూలధనము వాటాల సొమ్మని మనము లెక్కలలో వ్రాసికొనుచున్నాము. ఆ సొమ్మునకు వెనుక మరియొక ధనము కలదు. పొరుగువాని మాటను నమ్ముట, తన మాటను నిలుపుకొనుట, పదిమంది చేసిన తీర్మానమునకు లోబడుట అనునవే యా ధనము. ఇది అప్పుగా దొరకునది కాదు. చట్టము వలన వచ్చునదియు కాదు. మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904వ సంవత్సరమున పుట్టినది. అది మొదలు సంఘములు ఎన్నియో వెలసినవి. బాకీలు వసూలు గాక మూతబడినవియు కలవు. చట్టము అన్నిటికి నొక్కటే. సభ్యుల నడవడియే వేరు. నేటి మన వాటాలు రేపు మన బిడ్డల చేతికి వచ్చును. వాటాతోపాటు ఈ గుణమును గూడ అందింపకున్నచో మనము వారికిచ్చినది కాగితము మాత్రమే యగును.

పూర్వము పనియే నేర్పెను

మన పూర్వులు దీనిని పాఠముగా చెప్పలేదు. చెరువు పూడిక తీయుట, కాలువ గట్లు వేయుట మొదలగు పనులను కుడిమరామత్తు అను పేర ఊరివారు కలసి చేసికొనెడివారు. పిల్లలు తట్టలు పట్టుకొని వెంట నడచెడివారు. ఎగువ పొలమువాడు నీరు కట్టివేసినచో దిగువ పొలము ఎండునని వారు కన్నులార చూచి నేర్చిరి. నాట్లకు, కోతలకు నేడు మీ చేను, రేపు మా చేను అని బదులు పనులు జరిగెడివి. సాయమునకు రానివాని చేనికి సాయము పోదనుటయు వారికి అక్కడనే తెలిసెను.

ఇప్పుడు చాల చోట్ల ఎవరి బోరుబావి వారిది. కోతకు యంత్రము వచ్చుచున్నది. పిల్లలు పగలెల్ల బడిలో నుందురు; అక్కడ మార్కులు ఎవరివి వారివే. శ్రమ తగ్గుటయు, చదువు పెరుగుటయు మంచివే. వానిని నిందింప బనిలేదు. కాని పని తనంతట తాను నేర్పిన పాఠమును ఇకమీదట మనము బుద్ధిపూర్వకముగా నేర్పవలసి యున్నది.

ఉమ్మడి అవసరమే గురువు

నీతులు చెప్పినంత మాత్రమున, ఒకచోట కూర్చుండబెట్టినంత మాత్రమున పిల్లలు కలసిపోవుదురా? 1954వ సంవత్సరమున అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రమున, రాబర్స్ కేవ్ అను చోట, ముజఫర్ షెరీఫ్ అను పండితుడును అతని తోడివారును దీనిని పరీక్షించి చూచిరి. ఇంచుమించు 11 ఏండ్ల ప్రాయముగల 22 మంది బాలురను రెండు జట్లుగా విడదీసి ఒక శిబిరమున నుంచిరి. జట్లకు పందెములు పెట్టి గెలిచినవారికి బహుమానము లిత్తుమనిరి. కొలది దినములకే తిట్లు పుట్టినవి. ఒక జట్టు జెండాను మరియొక జట్టు కాల్చివేసెను. పిమ్మట ఇరువురిని ఒకే పంక్తిని భోజనమునకు కూర్చుండబెట్టగా, స్నేహము కలుగుటకు మారుగా అన్నము విసరుకొనిరి.

అంతట శిబిరమునకు నీరు రాకుండ ఆగునట్లు నిర్వాహకులే చేసిరి. దప్పిగొన్న బాలురు రెండు జట్లవారును తొట్టి వరకు వెదకుచు పోయి, లోపమును కనిపెట్టి, కలసి సరిచేసిరి. మరియొకనాడు భోజన సామగ్రి తేవలసిన లారీ కదలలేదు. మునుపు తమలో తాము పందెమునకు లాగిన మోకునే లారీకి కట్టి అందరును ఒకే వైపునకు లాగిరి. ఇట్టి పనులు కొన్ని జరిగిన పిదప పగ తగ్గి, తిరుగు ప్రయాణమున ఒకే బస్సులో పోవుదుమని వారే కోరిరి. ఇది యొక శిబిరపు ముచ్చటయే. అయినను రైతునకు ఇందలి నీతి కొత్తది కాదు: ఒక్కడు తీర్చలేని అవసరమే పదిమందిని కలుపును.

బడిలో చిన్న సంఘము

అట్టి అవసరమును బడిలోనే చూపవచ్చును. 20 మంది పిల్లలు తలకు 30 రూపాయలు వేసికొనిరనుకొందము. మొత్తము 600 రూపాయలు. అంగడిలో 30 రూపాయలకు అమ్ము నోటు పుస్తకము టోకున 24 రూపాయలకు వచ్చునెడల 25 పుస్తకములు దొరకును. వానిని అంగడి ధరకే తమలో తాము కొనుక్కొన్నచో 750 రూపాయలు వచ్చును. వాటా సొమ్ము 600 నిలువగా మిగులు 150. ఇందు 25 రూపాయలు నిలువ నిధికి తీసి, మిగిలిన 125 రూపాయలను పుస్తకమునకు 5 రూపాయల చొప్పున కొన్నవారికి పంచవలెను. రెండు కొన్న పిల్లకు 10 రూపాయలు, ఒకటి కొన్నవానికి 5 రూపాయలు.

ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణమున 1844వ సంవత్సరమున 28 మంది సభ్యులు అంగడి తెరచినప్పుడు పాటించిన పద్ధతియు ఇదియే. మిగులు కొనుగోలును బట్టి. వోటు మాత్రము మనిషికి ఒక్కటే. ఆ సంఘము కొలది యేండ్లలోనే తన మిగులులో నూటికి రెండున్నర వంతున విద్యకై తీసిపెట్టెను. సభ్యులకు విద్య నేర్పుట సహకార సూత్రములలో ఒకటిగా నేటికిని చెల్లుచున్నది.

18 ఏండ్లు నిండనివారు సాధారణముగా మన సంఘములలో సభ్యులుగా చేరజాలరు. కావున బడి సంఘము రిజిస్టరు చేయవలసినది కాదు; అది అభ్యాసము. అయినను కొన్ని నియమములు తప్పరాదు.

1. లెక్క వ్రాయువారు, డబ్బు దాచువారు వేరువేరుగా నుండవలెను. నెలనెలకు పిల్లలే మారుచుండవలెను. పెద్దలు సరిచూడవలెను గాని పెట్టె తమ చేత నుంచుకొనరాదు.

2. వారమునకొకసారి లెక్కను అందరి యెదుట చదువవలెను. చదివినది అర్థము కాలేదనిన పిల్లను గద్దింపరాదు.

3. ఆడపిల్లలకును, వాటాకు సొమ్ము లేని పిల్లలకును చోటుండవలెను. సొమ్ము లేనివారు వాటాను చిన్న మొత్తములుగా చెల్లింపవచ్చును.

4. పని యెగవేసినవానిని కొట్టరాదు, సభలో అడుగవలెను. వంతు తప్పినచో నష్టమెవరికి గలిగెనో తోటివారే చెప్పుట వానికి చాలును.

5. తప్పు లెక్క వచ్చి పదిరూపాయలు తగ్గినను పెద్దలు రహస్యముగా పూడ్చరాదు. ఆ లోటును పంచుకొనుటయు పాఠమే.

ఇంటి పాఠము

బడిలో ఇంత నేర్పినను, ఇంటిలో తండ్రి సంఘపు అప్పు కట్టనక్కరలేదని పలికినచో అంతయు వృథా. సంఘపు ఎరువును పొరుగువాని పేర తెచ్చుట, గింజలలో తాలు కలిపి తూకమునకు పంపుట పిల్లలు చూచుచునే యుందురు. వాయిదానాడు తల్లిగాని తండ్రిగాని బాకీ చెల్లించి, ఆ రశీదును బిడ్డచేత చదివించినచో అదియే మంచి పాఠము.

సోదర సభ్యులారా, రాబోవు సర్వసభ్య సమావేశమునకు బిడ్డలను తోడ్కొని రండు. వెనుక వరుసను కూర్చుండి, తమ పెద్దలు లెక్క అడుగుటయు, అడిగినదానికి అధ్యక్షుడు బదులు చెప్పుటయు, పెద్దకమతము వానికిని చిన్నకమతము వానికిని ఒక్కొక్క చేయియే లేచుటయు వారు చూతురు గాక.