కదలని సైకిలు



ఇటీవల మన పల్లెలలో కొందరి వసారాలయందు ఒక వింత సైకిలు కనబడుచున్నది. దానికి చక్రమున్నది, చైనున్నది, పెడళ్ళున్నవి. గాని అది అంగుళమైనను ముందుకు సాగదు. పట్నమున ఉద్యోగము చేయు కుమారుడు "బాపూ, మోకాళ్ళకు మంచిది" అని కొని తెచ్చి నిలిపి పోవును. నా యింటికిని అట్లే వచ్చినది. కదలని వస్తువు అపాయము చేయదను భ్రమతో నేను దాని నెక్కితిని.

రోడ్డుపై పోవు సైకిలునకు ఫ్రీవీలుండును. కాళ్ళు ఆపినచో పెడళ్ళాగును, చక్రము మాత్రము సాగును. ఈ నిలుపుడు సైకిళ్ళలో పెక్కింటికి అది లేదు. ముందరి ఇనుప చక్రము కుమ్మరి సారె వంటిది. కొన్నింటిలో 15 నుండి 20 కిలోల బరువుండును. ఒకసారి వేగమందుకొన్నచో తనంత తాను తిరుగుచు పెడళ్ళను, వానితో మన కాళ్ళను త్రిప్పును. పాదము జారెనా, పెడలు చుట్టి వచ్చి కాలి ఎముకను కొట్టును. మా నల్లగొండ ప్రాంతమున ఫ్లోరైడు నీరు త్రాగి కీళ్ళు బిగిసిన వృద్ధులు కలరు; వారు చటుక్కున కాలు తీయజాలరు. అట్టివారు వైద్యుని అడుగక దీని నెక్కరాదు. ఇట్టి సైకిళ్ళలో చాలవానికి ముందర నొక గుబ్బ యుండును. దాని నదిమినచో చక్రము నిలుచును. ఎక్కకమునుపే దాని జాడ చేతికి తెలిసియుండవలెను.

ఇక నా కథ. మొదటి వారముననే ఎడమ పెడలు కిర్రుమనెను. పానా తెచ్చి, అన్ని బోల్టులను బిగించునట్లే కుడికి త్రిప్పితిని. త్రిప్పినకొలది వదులాయెను. ఊడివచ్చినదానిని బలవంతముగా మరల నెక్కించితిని. మూడవనాడు త్రొక్కుచుండగా అది ఊడిపడి, ఇనుపకడ్డీ గీరుకొని నా కాలికి ఆరు కుట్లు పడినవి. ఉత్సర్గమునకు అపవాదముండునని ముప్పది యేండ్లు బడిలో వ్యాకరణము చెప్పినవాడను. ఎడమ పెడలే ఆ అపవాదమని యెరుగనైతిని!

త్రొక్కుడు బరువు చుట్టును తిరుగుచు పెడలు ఇరుసును కొంచెము కొంచెముగా దొర్లించును. అందుచే ఎడమవైపున మామూలు మర క్రమముగా వదులగును. కావున అచ్చట ఎదురు మర చెక్కుదురు. విమానము నిర్మింపకముందు డేటన్ పట్టణమున సైకిళ్ళు చేయుచుండిన రైట్ సోదరులు 1900 ప్రాంతమున తమ సైకిళ్ళకు ఇట్టి ఏర్పాటే చేసిరి. జ్ఞాపకమునకు సులభమైన మార్గమొకటి గలదు: పానాను నిలువుగా పైకి పట్టి సైకిలు ముందరి వైపునకు వంచినచో రెండు పెడళ్ళును బిగియును, వెనుకకు వంచినచో ఊడును. క్రాంకులోని మర ఒకసారి చెడినదా, ఎంత బిగించినను నిలువదు, క్రాంకునే మార్పించవలెను.

బయట త్రొక్కువాని చెమటను గాలి ఆర్చును. గదిలో అది నేరుగా బోల్టులమీద రాలును. ఉప్పునీరు గనుక త్రుప్పు పట్టించును. దిగిన వెంటనే గుడ్డతో తుడువవలెను. చైనునకు పలుచని నూనె రెండు చుక్కలు చాలును. బండి యిరుసునకువలె కందెన దట్టముగా పూసినచో మన మహబూబునగరపు వేసవి దుమ్మంతయు అందంటి, చైనును సానరాయివలె అరుగదీయును. చైనునకు బదులు రబ్బరు పట్టా ఉన్నచో నూనె తగులనీయరాదు.

సీటు క్రింది గొట్టముమీద ఒక గీత యుండును. అది పైకి కనబడునంత ఎత్తు లేపరాదు. గొట్టము మాట తేలికగా తీసికొనవలదు. 2023 మే నెలలో అమెరికాయందు పెలొటన్ కంపెనీ సైకిళ్ళు సుమారు 22 లక్షలకు సీటు గొట్టము విరుగవచ్చునని హెచ్చరిక వెలువడినది. అప్పటికి 35 విరిగినట్లును, 13 మంది గాయపడినట్లును ప్రకటించిరి.

అన్నిటికన్న నాకు భయము పసిపిల్లలను గూర్చి. తాత త్రొక్కుచుండగా మనుమడు తిరుగు చక్రమును ముట్టజూచును. చైనుకును పండ్లచక్రమునకును నడుమ పడిన చిటికెనవ్రేలు నిమిషములో తెగును. ఇట్టి గాయములు వైద్యులకు క్రొత్త కాదు. చైనుమీది కప్పు ఊడినచో, అది తిరిగి బిగించువరకు సైకిలు ఎక్కరాదు. త్రొక్కని వేళ గుబ్బను బిగించి, చక్రమునకు త్రాడు కట్టియుంచవలెను. నేనైతే దానిని వసారానుండి తీసి వడ్ల గదిలో పెట్టించితిని. గొళ్ళెము మా మనుమనికి అందనంత ఎత్తున నున్నది.