గోడకి మేకప్పు వేసేముందు...

స్టూడియోలో సెట్టు చూశారా ఎప్పుడైనా? రాజమహలు గోడ! దగ్గరికెళ్ళి తట్టి చూస్తే ఉత్త ప్లయివుడ్డు. దానికి మెరవని రంగే పూస్తారు. మెరిసిందో, లైట్లు కెమెరా కంట్లో కొడతాయి. అన్నట్టు 1963లో 'లవకుశ' వచ్చేదాకా పూర్తి రంగుల తెలుగు సినిమాయే లేదు. అంతకుముందు సెట్టుకి ఏ రంగు పూసినా తెరమీద బూడిదరంగే! షూటింగు కాగానే కూల్చేస్తారు గనక ఆ గోడకి వానా లేదు, చెమ్మా లేదు.

మన గోడల సంగతి అలా కాదు మరి. మా అక్కావాళ్ళది అశ్వారావుపేట. చుట్టూ అడవి, పామాయిల్ తోటలు. వానాకాలం వచ్చిందంటే గోడలు చెమ్మ పీల్చుకుని కూర్చుంటాయి. పెద్దమ్మాయి పెళ్ళని బావ హాలు గోడలకి నిగనిగలాడే ఎనామిల్ వేయించాడు. శ్రావణంలో ముహూర్తం. ఆనాటికి గోడంతా బొబ్బలు! పెళ్ళికూతురి వెనకాల ఫోటోల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. అక్క ఆ ఆల్బం ఎవరికీ చూపించదు.

పాపం, తప్పు రంగుది కాదు. ఎనామిల్ గట్టి పొర కడుతుంది. లోపలి చెమ్మ బయటికి రాలేక ఆ పొరనే పైకి తోస్తుంది. తలుపులకి, రెడాక్సయిడ్ పూసిన కిటికీ చువ్వలకి అది బంగారం. చెమ్మగోడకా... వద్దు బాబోయ్! అలాంటి గోడకి గాలాడనిచ్చే సున్నమే మేలు. కాస్త జిగురు, చిటికెడు నీలిమందు కలిపితే చాలు. పొడిగా వుండే లోపలిగోడకి డిస్టెంపరు చవక. తడిగుడ్డతో తుడుచుకోవాలంటే ఎమల్షన్, జేబు కొంచెం బరువుండాలి. బయట సిమెంటురంగు వేస్తే నీళ్ళు చల్లి తడపడం మరవకండి, లేకపోతే పొడిపొడిగా రాలుతుంది. కొత్త ప్లాస్టరింగు నెలరోజులైనా ఆరాలి.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుందంటారా? పాలిథిన్ ముక్క గోడకి పెట్టి, నాలుగంచులూ టేపుతో అంటించి, ఒకరోజు ఆగండి. లోపలివైపు నీటిబొట్లు కనిపిస్తే రంగుడబ్బా మూత తియ్యకండి.

పాత తలుపులు గీకేటప్పుడు మాత్రం జాగ్రత్త సుమా! ఇంటిరంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళకి 90 మించకూడదన్న నిబంధన అమల్లోకొచ్చింది 2017 నవంబరులోనే. అంతకుముందు పూసినవాటిలో ఎంతుందో! తడిపి గీకండి, దుమ్ము లేవనివ్వకండి, పసిపిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకండి.

బావ మొన్న వేసవిలో ఆ ఎనామిలంతా ప్లాస్టరుదాకా గీకించి, గోడ ఆరాక సున్నం వేయించాడు. రెండో అమ్మాయి పెళ్ళి మాఘంలో!