వేడిమి, వయస్సు, వీర్యకణాలు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలలో కొలిమి ముందు, బాయిలరు పక్కన, రసాయనాల నడుమ పనిచేసే పురుషులెందరో ఉన్నారు. పెండ్లయి ఏండ్లు గడిచినా సంతానం కలుగకపోతే లోకం వేలెత్తి చూపేది భార్యనే. శరీరశాస్త్రం అట్లా చెప్పదు.

వృషణాలు కడుపులో కాక బయట సంచిలో ఎందుకున్నవి? శరీరపు వేడి 37 డిగ్రీలు. వీర్యకణాల తయారీకి అంతకంటె రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండవలెను. వేడిమి హెచ్చితే కణాల సంఖ్య తగ్గును, వాటి చలనశక్తి సన్నగిల్లును. తీవ్రజ్వరం వచ్చిపోయినా ఇంతే. అయితే కణం తయారగుటకు సుమారు రెండున్నర నెలలు పట్టును. కావున వేడికి దూరమై, పొగాకు మానినవారికి కొన్ని నెలలలో కొత్త పంట చేతికి రావచ్చును.

రసాయనాల సంగతి అంత తేలిక కాదు. 1977లో కాలిఫోర్నియాలోని ఒక పురుగుమందుల కర్మాగారంలో కార్మికులు తమకు బిడ్డలు కలగడం లేదని మాటల సందర్భంలో గమనించి పరీక్ష చేయించుకొన్నారు. డైబ్రోమోక్లోరోప్రొపేన్ అనే మందు వారి వీర్యకణాలను దెబ్బతీసినదని తేలినది. కొందరికి అవి తిరిగి రానేలేదు.

ఇక వయస్సు. స్త్రీలలో వలె పురుషులలో సంతానశక్తి ఒక్కసారిగా ఆగదు, నలభై దాటిన పిదప మెల్లగా తగ్గును. కణవిభజన జీవితాంతం సాగును గనుక జన్యువుల నకళ్ళలో తప్పులు పేరుకొనును. తండ్రి వయస్సు ఏడాది పెరిగితే బిడ్డలో సుమారు రెండు కొత్త ఉత్పరివర్తనాలు అధికమని 2012లో ఐస్‌లాండు పరిశోధకులు లెక్కకట్టినారు. వీటిలో అధికభాగం నిరపాయమైనవే.

కండబలానికని టెస్టోస్టిరోన్ సూదులు వేయించుకొనే యువకులున్నారు. విచిత్రమేమంటే, ఆ హార్మోను బయటినుండి చేరగానే పిట్యూటరీ గ్రంథి వృషణాలకు పంపే ఆజ్ఞ తగ్గిపోయి, వీర్యకణాలే కరవగును! వీర్యపరీక్షకు కోత లేదు, సూది లేదు. దంపతులలో భర్తకు మొదట జరుపవలసినది అదే.